మార్లవాయి గుడిసెలో మొదలైన గ్రంథాలయం
(గుట్టల దిక్కు చరిత్ర – 9వ భాగం)

పోయిన భాగాన్ని జోడేఘాట్ గుట్టల మీద ఆపాం. బాబేఝరి చుట్టూ పన్నెండు ఊళ్ల భూమి కోసం కచ్చేరీల చుట్టూ తిరిగి, జవాబు రాక, చివరికి తిరుగుబాటు తుడుం మోగించిన కొమురం భీం 1940లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. బతికినవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఊరుకుంటే అక్కడితో దస్త్రం మూసేసేవాళ్లే. అయితే ఒక ప్రశ్న మిగిలింది. నోరెత్తి ఎరగని గోండులు సర్కారు మీద ఎందుకు తిరగబడ్డారు?

దీనికి జవాబు చెప్పాల్సిన వాళ్లే ఆ గొడవలో భాగస్తులు. జంగ్లాత్ (అటవీ శాఖ) వాళ్లని అడిగితే రెవెన్యూ వాళ్ల తప్పంటారు. రెవెన్యూ వాళ్లని అడిగితే జంగ్లాత్ వాళ్ల మీదికి తోస్తారు. ఊరి లెక్కలు రాసే పట్వారీని అడిగితే గోండులకు బుద్ధి లేదంటాడు. అందుకని ఈ మూడు శాఖలతోనూ సంబంధం లేని మనిషి కావలసి వచ్చాడు. దొరికిన మనిషి యుద్ధకాలపు లెక్కల ప్రకారం బ్రిటిష్ సామ్రాజ్యానికి శత్రువు! చరిత్రకు ఇలాంటి వేళాకోళాలు మామూలే.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. మానవశాస్త్రం చదివాడు. 1936లో నాగా కొండలకు వచ్చి కొన్యాక్ నాగాల మధ్య కాపురం పెట్టి, వాళ్ల మీద పుస్తకం రాశాడు. 1938లో ఇంగ్లిష్ వనిత ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లాడాడు. ఆమెను అందరూ బెట్టి అనే పిలిచేవారు. మరుసటి ఏడు భార్యాభర్తలు మళ్లీ ఇండియాకు వచ్చేసరికి యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను హిట్లర్ అప్పటికే మింగేశాడు కనుక ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. నిర్బంధ శిబిరంలో యుద్ధమంతా గడపవలసిన వాడే. తెలిసిన అధికారుల మాటసాయంతో హైదరాబాద్ సంస్థానం పొలిమేర దాటకుండా పని చేసుకోవచ్చన్న వెసులుబాటు దొరికింది. నిజాం రెవెన్యూ వ్యవహారాలు చూస్తున్న సర్ థియొడర్ టాస్కర్ ఆయనకు అండగా నిలిచాడు. అలా 1940లో నల్లమల చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గరికి, 1941లో ఆదిలాబాద్ గోండుల దగ్గరికి చేరాడు. నాగా కొండలకు తిరిగిపోవాలనుకున్న మనిషిని యుద్ధం దక్కన్ అడవుల్లో దించింది.

ఉట్నూర్ దాటి జైనూర్ వైపు పోతే గుట్టల నడుమ మార్లవాయి అనే గోండుగూడెం ఉంది. ఇవాళ అది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి పోయింది గాని, అప్పట్లో ఉట్నూర్ తాలూకా. దంపతులు అక్కడే గడ్డి కప్పిన గుడిసెలో దిగారు. ఉట్నూర్‌లో కచ్చేరీ ఉంది, గోండు రాజుల పాత కోట ఉంది, అధికారుల రాకపోకలున్నాయి. అక్కడే ఉండిపోతే పని సుఖంగా జరిగేది. కానీ కచ్చేరీ ఎదుట గోండు నోరు విప్పడు. ఈ సంగతి హైమన్‌డార్ఫ్ తొందరగానే గ్రహించాడు.

ఇప్పుడు అసలు తగాదా దగ్గరికి వద్దాం. గోండు వ్యవసాయం తేలిక నేలల వ్యవసాయం. కొన్నేళ్లు ఒక చెలక దున్ని, సారం తగ్గాక దాన్ని బీడు పెట్టి, పక్క చెలకకు మారతారు. మళ్లీ కొన్నేళ్లకు పాత చెలకకే వస్తారు. అడవి సర్వే గీతలు గీసినప్పుడు ఆ బీళ్లన్నీ రిజర్వు ఫారెస్టు కిందికి పోయాయి. తన తాత దున్నిన చెలకలో నాగలి పెట్టిన గోండు తెల్లారేసరికి నేరస్తుడయ్యాడు. పొరుగు తెగ కొలాంల పరిస్థితి మరీ అధ్వానం. గుట్టల నెత్తిన పోడు కొట్టుకుని బతికేవాళ్లకు కొండే లేకుండా పోయింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. కదలనివాళ్ల గుడిసెలకు జంగ్లాత్ జవాన్లు నిప్పు పెట్టారు.

అడవి గీతకు అవతల మిగిలిన భూమి మాటేమిటి? అదీ నిలవలేదు. అప్పటి సంస్థానంలో శివాయి జమాబందీ అనే పద్ధతి ఉండేది. ఏ ఏటికాయేడు శిస్తు కట్టి దున్నుకోవచ్చు, పట్టా మాత్రం ఉండదు. గోండులు ఎక్కువమంది ఇలాగే దున్నారు. శిస్తు కడుతున్నాం కదా, భూమి మనదే అనుకున్నారు. 1929లో కాజీపేట – బల్హార్షా రైలుమార్గం పూర్తయింది. పత్తికి గిరాకీ పెరిగింది. కింది తాలూకాల నుంచీ మహారాష్ట్ర వైపు నుంచీ రైతులు, షావుకార్లు వచ్చారు. కచ్చేరీ దారి తెలిసినవాడు దరఖాస్తు పెట్టి పట్టా చేయించుకున్నాడు. చెలకలో పంట నిలబడి ఉండగానే గోండు ఆ భూమికి పరాయివాడయ్యాడు. మరికొందరి భూమి నాగు కింద, అంటే వడ్డీ అప్పుగా, తెచ్చిన గింజలకు పోయింది.

వీటన్నిటి వెనకా ఒక కాగితం ఉంది. ఆ కాగితం ఉర్దూలో ఉండేది, ఊరి లెక్క మరాఠీలో ఉండేది, షావుకారు పద్దు తెలుగులోనో మరాఠీలోనో ఉండేది. గోండిలో ఒక్క అక్షరం లేదు. తన భూమి గురించి రాసిన రాత ఏదీ గోండుకు చదవ వచ్చేది కాదు. హైమన్‌డార్ఫ్ సర్కారుకు ఇచ్చిన నివేదికలు 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో ఒక్కచోట అచ్చయ్యాయి. జోడేఘాట్‌కు దారి తీసిన అన్యాయాల చిట్టా అందులో ఉంది. సర్కారు జీతం తీసుకుంటూ సర్కారు తప్పులు ఇంత సూటిగా రాసినవాళ్లు ఆ రోజుల్లో అరుదు.

అయితే మనకు కావలసింది నివేదిక ఒక్కటే కాదు. నివేదిక కోసం వెళ్లిన మనిషి నివేదికకు పనికిరానిది కూడా పోగు చేయడం మొదలుపెట్టాడు. పెళ్లిళ్లు, చావులు, పెర్సపేన్ అనే వంశదేవుడి పూజలు, దండారి ఆటలు, ఇంటి ముందు కూర్చున్న ముసలమ్మ, కళ్లంలో ఎడ్లు. కెమెరాతో, నోటుబుక్కుతో ఆయన, పక్కనే బెట్టి. ఈ ప్రాంతపు చరిత్రకూ సంస్కృతికీ అంకితమైన తొలి పెద్ద సేకరణ ఇలా ఒక తిరుగుబాటు నీడలో, పన్నుల శాఖ ఖర్చుతో పుట్టింది.

తొలి సేకరణ అన్నాను గాని, అది నిజానికి తెల్లవాళ్ల లెక్క. అంతకు ముందు కొన్ని తరాలుగా గోండులకు గ్రంథాలయం ఉంది. అది పర్ధాన్.

పర్ధాన్ గోండు కాడు. ఆదిలాబాద్ పర్ధాన్ల ఇంటి భాష మరాఠీ. గోండు ఇంట్లో అతనికి సమాన మర్యాద లేదు, అతని చేతి తిండి గోండు తినడు. కానీ అతను కిక్రి పట్టుకుని కూర్చోనిదే పేన్ పూజ ముందుకు సాగదు. కిక్రికి మూడు తీగలు. దాన్ని నిలబెట్టి కమానుతో వాయిస్తారు. పాట, మాట, పాట. కథ నడుస్తుంటే పక్కవాళ్లు వంత పలుకుతారు. శంభు మహాదేవుడు గోండు దేవతల్ని గుహలో బంధించడం, పహండి కుపార్ లింగాల్, జంగుబాయి వాళ్లని విడిపించడం, గోండులు నాలుగు సగాలుగా (వంశ సమూహాలుగా) విడిపోయి ఊళ్లు కట్టుకోవడం, అన్నీ అందులోనే వస్తాయి. ఏడు దేవతల సగా, ఆరు దేవతల సగా, అయిదు, నాలుగు. ఏ ఇంటిపేరు ఏ సగాలోది, ఎవరి పిల్లని ఎవరు చేసుకోవచ్చు, ఎవరు అన్నదమ్ముల వరస, ఏ వంశం పేన్ ఎక్కడ ఉంది, ఇవన్నీ తెలిసినవాడు పర్ధానే. గోండు పెళ్లి సంబంధం దగ్గర్నుంచి పూజారి హక్కు దాకా తగవు వస్తే చివరికి చూడవలసిన పుస్తకం ఈ మనిషే.

మరి ఈ పుస్తకాన్ని పోషించేదెవరు? పోషణ గోండు యజమానిది. ఏ పర్ధాన్ కుటుంబం ఏ గోండు వంశానికి పాడాలో తరతరాలుగా కట్టుబాటు. కళ్లం నూర్చినప్పుడు గింజలిస్తారు. పూజలో వాటా ఉంటుంది. యజమాని ఇంట్లో ఎవరైనా చనిపోతే కర్మకాండలో పాడినందుకు పోయినవాళ్ల బట్టలూ వస్తువులూ ఇస్తారు. అంటే ఆ కథ నిలబడింది గోండు చెలకలో పండిన జొన్న మీద. చెలక పోయిన గోండు పర్ధాన్‌కు ఏమిస్తాడు? ఏమీ ఇవ్వలేని ఇంటికి పర్ధాన్ ఎన్నేళ్లు వస్తాడు? తండ్రి కిక్రి వాయించినా కొడుకు పాలేరుగా పోతే కథ ఏమవుతుంది? పట్టాల తగాదానూ పురాణాల సంగతినీ వేరు వేరు అధ్యాయాల్లో రాయడం మనకు అలవాటు. ఉట్నూర్ గుట్టల్లో అవి రెండూ ఒకటే కథ. జంగ్లాత్ గీత గీసినప్పుడు దాని కింద పడ్డవాటిలో ఈ గ్రంథాలయం కూడా ఉంది.

హైమన్‌డార్ఫ్ ఈ పర్ధాన్ల దగ్గర కూర్చున్నాడు. వాళ్ల నోట విన్న కథల్ని రాసుకున్నాడు, రాయించుకున్నాడు. ఆయన చేసిన పనుల్లో గోండు సమాజం ఇవాళ్టికీ అక్కర పడి తిరగేసే పని ఇదే అని నా అభిప్రాయం. చెప్పేవాడికి ఉన్న కాలం, పాడే సందర్భం, ఎదుట కూర్చున్న సగాను బట్టి కథ పెరుగుతుంది, తగ్గుతుంది. కాగితం మీద పడ్డాక అది ఒక్క రూపంలోనే ఆగిపోతుంది. ఆ నష్టం ఉంది. కానీ అప్పుడు రాసుకోకపోతే ఎన్ని కథలు మిగిలేవో ఎవరు చెప్పగలరు?

ఇంతలో సర్కారులో మనుషులు మారారు. బస్తర్ మారియా గోండుల మీద 1938లో పుస్తకం రాసిన డబ్ల్యు.వి. గ్రిగ్సన్ హైదరాబాద్ రెవెన్యూ బాధ్యతల్లోకి వచ్చాడు. గోండుల్ని చదివిన అధికారి, గోండుల్ని చదువుతున్న పండితుడు ఒక్క దారిలోకి వచ్చారు. ఫలితం 1943లో మార్లవాయిలో పెట్టిన గోండు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం. మరాఠీ అక్షరాలు కాస్తో కూస్తో వచ్చిన గోండు యువకుల్ని కూడగట్టి, వాళ్లకే చదువు చెప్పి, వాళ్లనే గూడేలకు పంతుళ్లుగా పంపాలన్నది ఎత్తు. బయటి పంతులు వస్తే అడవిలో ఉండడు, ఉన్నా గోండి రాదు.

వాచకాలు గోండిలో, నాగరి లిపిలో తయారయ్యాయి. మరాఠీ చదువుకు దగ్గర కనుక ఆ లిపి. తెలుగు లిపి ఎందుకు కాదని ఇవాళ మనకు అనిపించొచ్చు గాని, అప్పటి ఉట్నూర్ గుట్టల్లో గోండుకు ఎదురయ్యే రాత మరాఠీదే. పిల్లలు తమ ఇంటి మాటని అచ్చులో చూశారు. బడి చదువు వెనక ఉన్న ఆశ మాత్రం చాలా లౌకికమైనది. పట్టా చదవగలగాలి, రసీదులో అంకె చూసుకోగలగాలి, పట్వారీ చెప్పింది నిజమో కాదో తేల్చుకోగలగాలి.

ఇక్కడ ఒక పక్క మాట. తెలంగాణ గ్రంథాలయోద్యమం గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం. ఉర్దూ రాజ్యంలో తెలుగు బతికింది వాటి వల్ల. రాజకీయాలు మొలిచింది ఆ బల్లల దగ్గరే. అయితే ఆ ఉద్యమం కాళ్లు గోండు గూడెం దాకా సాగలేదు. ఉర్దూ కింద నలిగిన తెలుగువాడికి, తెలుగు మరాఠీల కింద నలుగుతున్న గోండి కనబడలేదు. మార్లవాయి బడి పెట్టింది ఏ భాషా నిలయమూ కాదు, యుద్ధం తరిమితే వచ్చిన ఒక ఆస్ట్రియన్.

ఆయన ఒక్కడే అంతా చేశాడంటే అన్యాయం. 1944లో హైమన్‌డార్ఫ్ ఈశాన్య సరిహద్దుల్లో అపతానీల వైపు వెళ్లి, 1945లో గిరిజన వ్యవహారాల సలహాదారుగా తిరిగి వచ్చాడు. ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడు కూడా అయ్యాడు. కింద పని నడిపించినవాళ్లలో పెద్ద పేరు సేతుమాధవరావు పగడి. నిలంగాలో పుట్టిన ఈ మరాఠీ అధికారి గోండి నేర్చుకున్నాడు, వ్యాకరణం రాశాడు, ఆదిలాబాద్ గోండుల మధ్య గడిపిన రోజుల మీద పుస్తకమూ రాశాడు. తర్వాతి కాలంలో మరాఠాల చరిత్రకారుడిగా దేశమంతా పేరు పొంది పద్మభూషణ్ అందుకున్న పగడి ఈయనే. భూమి పట్టాల పంపిణీ ఈ కాలంలోనే ఊపందుకుంది. వేల కుటుంబాల పేర్లు మొదటిసారి రెవెన్యూ కాగితాల్లోకి ఎక్కాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు పెట్టడం కూడా 1940ల ఆనవాయితీయే. పుష్య అమావాస్యకు మెస్రం వంశస్తులు గోదావరి నీళ్లు మోసుకొచ్చి పూజ చేస్తారు, కొత్త కోడళ్లని దేవుడికి చూపిస్తారు. ఎలాగూ గూడేలన్నీ అక్కడికి వస్తాయి కనుక అధికారులే అక్కడికి పోయి అర్జీలు వినాలన్నది ఆలోచన. గోండుని కచ్చేరీకి నడిపించే బదులు కచ్చేరీని జాతరకు నడిపించారు. ఆ దర్బారు ఇవాళ్టికీ జరుగుతోంది. అర్జీలు పరిష్కారమవుతున్నాయా అంటే అది వేరే కథ.

1948లో ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ అచ్చయింది. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో వచ్చిన పుస్తకాల వరసలో ఇది మూడోది. పురాణాలు, పూజలు అని దానికి ఉపశీర్షిక, మొదటి భాగం అని ముద్ర. రెండో భాగం ఆ వరసలో రానే లేదు. అదే ఏడు సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, నిజాం రాజ్యం ముగిసింది, పుస్తకానికి డబ్బు పెట్టిన సర్కారే లేకుండా పోయింది. 1949లో హైమన్‌డార్ఫ్ లండన్‌లో స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో ఉద్యోగానికి వెళ్లాడు. చదువుకున్నవాళ్లు క్లుప్తంగా సోయాస్ అంటారు. ఆయనతో పాటు నోటుబుక్కులూ ఫిల్ములూ సముద్రం దాటాయి.

అక్కడ పెట్టెలు నిండుతుంటే ఇక్కడ బడి ఎండిపోయింది. పాలన మారినప్పుడల్లా చదువు భాష మారింది. 1956లో రాష్ట్రాల పునర్విభజనలో ఆదిలాబాద్ జిల్లా నుంచి రాజురా, కిన్వట్ తాలూకాలు మరాఠీ వైపు పోయాయి, మిగిలింది ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. ఒకే సగా, ఒకే పేన్, ఒకే పర్ధాన్. కొత్త హద్దుకు ఇవతల పిల్లాడు తెలుగు వాచకం పట్టుకున్నాడు, అవతల పిల్లాడు మరాఠీది. గోండి వాచకం ఎవరి చేతిలోనూ లేదు. భాషాప్రయుక్త రాష్ట్రాల గురించి మన పెద్దలు కన్న కలలో భాషకు రాష్ట్రం లేనివాళ్లు ఎక్కడా లేరు. పండితుల పని మాత్రం సాగుతూనే వచ్చింది. 1968లో పి.ఎస్. సుబ్రహ్మణ్యం ఆదిలాబాద్ గోండి ఆధారంగా వర్ణనాత్మక వ్యాకరణం వెలువరించాడు. హైదరాబాద్‌లో 1963లో పెట్టిన గిరిజన సాంస్కృతిక పరిశోధన సంస్థలో పుస్తకాలు, వస్తువులు చేరాయి. ఇవన్నీ పట్నంలో, విశ్వవిద్యాలయంలో. ఉట్నూర్‌కు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వచ్చింది, దానితో పాటు పథకాలు, ఇళ్లు, బోరుబావులు వచ్చాయి.

బెట్టి సంగతి ఇక్కడ చెప్పకపోతే తప్పు. సేకరణల చరిత్రలో ఇలాంటి వాళ్లే అడుగున పడిపోతారు. ఆమె భర్త వెంట తిరిగిన ఇల్లాలు మాత్రమే కాదు. దక్షిణాసియా మీద మానవశాస్త్రంలో ఎవరు ఎక్కడ ఏమి రాశారో వెతికి, కూర్చి, వరసపెట్టి గ్రంథసూచి తయారు చేసింది. మొదటి సంపుటం 1958లో వచ్చింది, 1970 దాకా పని సాగింది. కంప్యూటర్ లేని రోజుల్లో ఒక్కొక్క వ్యాసానికి ఒక్కొక్క కార్డు రాసి పేర్చిన చాకిరీ అది. ఏ గూడెం మీద ఏ పరిశోధన జరిగిందో తెలుసుకోవాలనుకున్న ప్రతి విద్యార్థికీ ఆమె పుస్తకమే మొదటి మెట్టు. 1979లో ‘ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ వచ్చినప్పుడు దాని మీద ఆమె పేరు కూడా ఉంది. 1948లో ఆగిపోయిన పని ముప్పై ఏళ్లకు అలా పూర్తయింది.

ఆ పుస్తకం కోసం దంపతులు 1970లలో మళ్లీ ఆదిలాబాద్ వచ్చారు. తమ చేతుల మీదుగా ఇప్పించిన పట్టాల భూముల్లో వేరేవాళ్లు దున్నుతున్నారు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని 1959లో చట్టం, దాన్ని బిగిస్తూ 1970లో మరో చట్టం వచ్చినా భూమి చేతులు మారుతూనే ఉంది. ఆయన రాతలో చేదు మొదలైంది ఇక్కడే. 1982లో వచ్చిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’కు బతుకు కోసం పోరాటం అన్న అర్థంలో ఉపశీర్షిక పెట్టాడు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘మనుగడ కోసం పోరాటం’ పేరుతో దాన్ని తెలుగు పాఠకులకు అందించింది. ఆ పుస్తకం వెలువడడానికి ఒక ఏడు ముందే, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క పదమూడు మంది. జనం లెక్క దానికి ఎన్నో రెట్లు. జోడేఘాట్ నుంచి ఇంద్రవెల్లికి నలభై ఏళ్లు. నివేదిక చదివినవాళ్లకి కారణాలు కొత్తగా ఏమీ కనిపించవు.

బెట్టి 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆమె కోరిక ప్రకారం మార్లవాయిలో ఖననం చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయాడు. 2012లో కొడుకు ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే ఉంచాడు. ఏటా జనవరి 11న అక్కడ వర్ధంతి జరుగుతుంది. ప్రపంచ మానవశాస్త్ర సాహిత్యానికి సూచిక రాసిన మనిషి ఒక మారుమూల గోండుగూడెంలో శాశ్వతంగా ఉండిపోయింది. ఆమె పోగు చేసిన కాగితాలు మాత్రం అక్కడ లేవు.

అవి సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. కాగితాలు, ఫిల్ములు, వేలకొద్దీ ఫొటోలు. నాగాలు, అపతానీలు, నేపాల్ షెర్పాలు, చెంచులు, కొండరెడ్లు, గోండులు అందరూ ఒక్క కప్పు కింద. చాలా ఫొటోలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. మిగతా ప్రాంతాల వాళ్లు ఈ సేకరణను ఎలా వాడుకున్నారో గమనిస్తే మనకు చురుక్కుమంటుంది. హైమన్‌డార్ఫ్ శిష్యుడు అలన్ మక్‌ఫార్లేన్ కేంబ్రిడ్జిలో కూర్చుని ఆయన నాగా డైరీల్ని ఇంగ్లిష్‌లోకి తెప్పించి, ఫొటోలతో కలిపి నాగాల మీద ఒక సమగ్ర సంగ్రహం తయారు చేశాడు. 2000లో మార్క్ ట్యూరిన్‌తో కలిసి మొదలుపెట్టిన డిజిటల్ హిమాలయా పథకంలో నేపాల్ ఫిల్ముల్ని డిజిటల్ చేసి జనానికి అందుబాటులో పెట్టారు. మన గోండు పెట్టెలకు అంతటి పూనిక ఉన్నవాళ్లు ఎవరు? తెలుగు విశ్వవిద్యాలయాల్లో గోండుల మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాల్లో హైమన్‌డార్ఫ్ పేరు లేనిది ఉండదు. ఆయన పేరు చెప్పుకోవడం సులువు. ఆయన ఫొటోలు పట్టుకుని గూడెం గూడెం తిరిగి, ఇందులో ఉన్నది ఎవరు, ఈ పూజ ఎవరిది, ఈ కిక్రి పట్టుకున్నది ఎవరి తాత అని పేర్లు రాసుకోవడం కష్టం. ఆ పేర్లు చెప్పగలిగిన తరం తగ్గిపోతోంది.

అసలు గోండు సంస్కృతిని ప్రదర్శన వస్తువుగా చూడడం మనకు బాగా వచ్చు. 2016లో జోడేఘాట్‌లో స్మారకం, మ్యూజియం వెలిశాయి, మంచిదే. మార్లవాయి వాసి, గుస్సాడి నాట్యకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు, అదీ మంచిదే. నెమలీకల టోపీతో ఆయన ఆడుతున్న ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ఆ ఆట ఆడే దండారిలో పాడే పాట ఏమిటో ఎన్ని పత్రికలు రాశాయి? కనకరాజు 2024లో కన్నుమూశాడు.

ఉట్నూర్‌లో ఒక గది కావాలి. లండన్ పెట్టెల నకళ్లు, మార్లవాయి వాచకాల ప్రతులు, పగడి వ్యాకరణం, సుబ్రహ్మణ్యం వ్యాకరణం, పర్ధాన్ల పాటల రికార్డులు, భూమి తగాదాల దస్త్రాలు, అన్నీ ఒక్కచోట. మ్యూజియం గాజుపెట్టెల్లో కాదు, పిల్లలు చేత్తో తిరగేసేలా. దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. బాధ్యత పడే మనిషి ఒకరు, పది మంది పర్ధాన్లకు నెలనెలా ఎంతో కొంత ఇచ్చే ఏర్పాటు చాలు. రెండోది ముఖ్యం. వెనకటికి ఆ ఖర్చు గోండు చెలక భరించింది. ఆ చెలకల్ని పోనిచ్చిన సర్కారే ఇప్పుడు భరించడంలో తప్పేముంది?

ఇంతవరకూ మనం ఒక మాటను నిజమని ఒప్పుకుంటూ వచ్చాం. గోండులకు రాత లేదు, ఉన్నదంతా పర్ధాన్ నోట్లోనే అని. హైమన్‌డార్ఫ్ నాగరి లిపి ఎంచుకున్నదీ ఆ నమ్మకంతోనే. కానీ ఉట్నూర్‌కు ఎంతో దూరంలో లేని నార్నూర్ మండలం గుంజాలలో, ఎవరికీ చూపించకుండా దాచుకున్న చేతిరాత పుస్తకాలున్నాయి. అందులోని అక్షరాలు నాగరి కావు, తెలుగూ కావు, మరాఠీ రాతకు వాడిన మోడీ లిపి కూడా కావు. పాత ప్రతులు 1750 ప్రాంతానివని పండితులు లెక్క కట్టారు. అంటే మార్లవాయి గుడిసెలో గోండి వాచకం రాస్తున్న రోజుల్లో కొద్ది కోసుల దూరంలో గోండికి సొంత లిపి ఉంది! ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం ఆ పుస్తకాల దాకా ఎలా చేరింది, లిపిని చదవగలిగిన పర్ధాన్ పెద్దలు ఇన్నాళ్లూ ఎందుకు గుట్టుగా ఉన్నారు, 2018లో అది యూనికోడ్‌లోకి ఎక్కడానికి ముందు ఏ తగవులు పడింది, గోండికి ఏ లిపి ఉండాలని గోండులే ఎందుకు రెండు పక్షాలయ్యారు – వచ్చే భాగంలో గుంజాల వెళ్దాం.